వదిన కొట్టిన పీచు మేకు

పోయిన నెల ఇంటికి రంగులు వేయించాం. పెరటి గోడ గీకుతున్న పెయింటరు మధ్యలో ఆగి నన్ను పిలిచాడు.

"ఏటమ్మా ఇన్ని మేకులు? గోడ జల్లెడైపోనాది. అన్నీ పీకేసి పుట్టీ ఎట్టేత్తాను."

పొయ్యి మీద పాలు వదిలేసి మరీ వెళ్ళాను. "ఒక్కటీ పీకొద్దు. చుట్టూ రంగు వేసెయ్యండి," అన్నాను. అతను నన్నూ గోడనీ మార్చి మార్చి చూశాడు. ఏదో మొక్కుబడి అనుకున్నట్టున్నాడు, మళ్ళీ గీకుడులో పడ్డాడు. అవి మా ఇంట్లో ఒళ్ళు రుద్దుకునే బీరపీచులు తగిలించుకునే మేకులు. చెబితే నవ్వుతాడని చెప్పలేదు. మా వదిన పీచుల సంగతి విని నవ్వనివాళ్ళు లేరు. నేనూ నవ్వుతాను, నవ్వుతూ నవ్వుతూ కొంగు వెతుక్కుంటాను.

వదిన అంటే మా ఆయనకి అక్క. ఆయన 'అప్పా' అని పిలిచేవారు. వాళ్ళది చీడికాడ దగ్గర చెరుకు పండించే ఇల్లు. అత్తగారు ముందే పోవడంతో తమ్ముళ్ళిద్దరినీ ఆవిడే పెంచింది. తన పెళ్ళి, భర్త పోవడం, మళ్ళీ తమ్ముళ్ళ దగ్గరికే రావడం, వీటి గురించి అడిగితే "అందులో ఏటుందే, సల్లారిపోయిన అన్నం," అని లేచిపోయేది. కాబట్టి ఆ కథ నాకూ సరిగ్గా తెలియదు. నాకు తెలిసింది అనకాపల్లిలో మా పెరట్లో తిరిగిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. చీర కుచ్చిళ్ళు ఎప్పుడూ బొడ్లో దోపి ఉండేవి, ఏ క్షణాన ఏ నీళ్ళలోకి దిగాలో అన్నట్టు.

మా తానాల గది రేకుల మీదికి నేతిబీర పాదు పాకించింది. కాయలు కూరకి కోయనిచ్చేది కాదు. పచ్చివి ముదిరి, తీగ మీదే ఎండి, ఊపితే గింజలు గలగలమనేదాకా ఆగేది. అప్పుడు తొక్క వలిచి, గింజలు దులిపి, నీళ్ళలో నానేసి, ఉతికి, ఎండబెట్టి, కత్తిపీటతో ముక్కలు కోసేది. ఆ ముక్కకి ఒక దారం. మామగారికి నలుపు, మా ఆయనకి ఎరుపు, మరిదికి ఆకుపచ్చ, తనకి పసుపు. ఎవరి పీచు వారిది, ఎవరి మేకు వారిది. "ఆలుమగలు ఇడ్లీ పంచుకోవచ్చు గానీ పీచు పంచుకోకూడదు," అనేది.

ఎవరైనా స్నానం చేసి బయటికొస్తే ఆవిడ ముఖం వంక చూసేది కాదు, చేతి వంక చూసేది. పీచు చేతిలో లేదంటే మళ్ళీ లోపలికి పంపేది. "ఆ సీకటి గదిలో తడితో ఒదిలేత్తే అది ఒళ్ళు రుద్దే పీచా, పురుగుల పుట్టా? మురికి తీసీదానికే మురికి పట్టిపోతే ఇంకేటి తీత్తాది?" బయటికి తెచ్చాక సబ్బు నురగ పోయేదాకా మంచినీళ్ళలో జాడించాలి, పిండాలి, ఉతికే బండ మీద ఠపఠపా కొట్టాలి, మేకుకి తగిలించాలి. మామగారు కూడా, ఊళ్ళో పది మందికి తీర్పులు చెప్పిన మనిషి, తువ్వాలు చుట్టుకుని బుద్ధిగా బండ మీద పీచు కొట్టేవారు.

శనివారం శనివారం మరిగిన నీళ్ళు తెచ్చి మేకులకి వేలాడుతున్న పీచుల మీద చెంబుతో పోసేది. అన్నీ ఒక గిన్నెలో వేసి మరిగించొచ్చు కదా అని మరిది ఒకసారి సలహా ఇచ్చాడు. "ఒకే గిన్నెలో ఏసీదానికి వేరువేరు మేకులెందుకురా బాబూ," అంది. అప్పుడప్పుడు ఒక్కొక్కటీ దారం పట్టుకుని ఎత్తి, దోసపండు వాసన చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకునేది. వాసన తేడాగా ఉంటే ఆ రోజే పాదు కిందకి వెళ్ళిపోయేది.

అమావాస్య వచ్చిందంటే వాసన బాగున్నా లేకపోయినా అన్నీ పారేసి కొత్తవి కట్టాల్సిందే. పాత పీచుతో పాటు దరిద్రం కూడా పోతుందని ఆవిడ నమ్మకం. కానీ శుక్రవారం కొత్త పీచు కొయ్యకూడదని ఇంకో నమ్మకం. శుక్రవారమూ అమావాస్యా కలిసి వస్తే పాతవి పోయేవి, కొత్తవి వచ్చేవి కావు. ఆ రోజు ఇల్లంతా అరచేతులతో రుద్దుకునేది. ఆవిడ శాస్త్రం అలా ఉండేది.

చుట్టాలకి గుమ్మం పక్కన వేరే మేకు. ఒక్క పూట ఉన్నా కొత్త పీచు ఇచ్చేది, వెళ్ళేటప్పుడు అది పట్టుకుపోవాలి. ఒకసారి నూకాలమ్మ జాతరకి మా నక్కపల్లి చిన్నత్త, అంటే మా అత్తగారి చెల్లెలు, వచ్చి ఉండి వెళ్ళింది. ఆవిడ ఆటో ఎక్కి వెళ్ళాక చూస్తే పీచు మేకుకే ఉంది. వదిన దాన్ని పిండి, క్యారీబ్యాగులో పెట్టి, నన్ను వెంటేసుకుని ఇంకో ఆటోలో బస్సుల కాంప్లెక్సుకి బయల్దేరింది. బస్సు అప్పటికే కదలబోతోంది. వదిన కిటికీ కొట్టి సంచీ లోపలికి అందించింది.

చిన్నత్త విప్పి చూసుకుని, "ఓలమ్మా, బెల్లం దిమ్మేమో మర్సిపోయేననుకున్నాను," అంది.

"బెల్లమైతే మేం తినీసీవోళ్ళం. ఇది నీది, ఇంకోళ్ళకి పనికిరాదు," అంది వదిన.

బస్సులో వాళ్ళంతా నవ్వారు. కండక్టరు కూడా నవ్వి విజిలు వేశాడు. నవ్వనిది వదిన ఒక్కతే. ఆవిడకి అందులో నవ్వాల్సింది ఏమీ కనపడలేదు.

ఇప్పుడు ఇంత తీరిగ్గా చెబుతున్నాను గానీ, ఈ పీచుల వల్లే నేను ఆ ఇల్లు వదిలి వెళ్ళిపోబోయాను.

మాది ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. మేము క్రైస్తవులం. పల్లెల్లో పెద్ద రైతుల ఇళ్ళకి పనికి వెళితే, మంచినీళ్ళకి వేరే గ్లాసు పెట్టే కులం మాది. ఆ గ్లాసు ఇంట్లో ఉండదు, బయట చూరులో దోపి ఉంటుంది. మా అమ్మ చిన్నతనంలో ఆ గ్లాసుతో తాగింది. నా పెళ్ళి రిజిస్టరాఫీసులో అయిన రోజు అమ్మ నన్ను పక్కకి తీసుకెళ్ళి ఒకే మాట చెప్పింది.

"ఆళ్ళింట్లో నీకు ఏదైనా వేరేగా ఎడితే, ఎందుకని అడగొద్దు. లేచి వచ్చెయ్."

ఆ సాయంత్రం వదిన తానే నలుగు కలిపి, నన్ను పీట మీద కూర్చోబెట్టి, వీపు రుద్ది నీళ్ళు పోసింది. పెద్దగా మాట్లాడలేదు. నా సంచీలో ఊదారంగు జాలీ స్క్రబ్బరు ఒకటి ఉండేది, హాస్టల్లో ఉన్నప్పుడు సూపర్‌మార్కెట్లో కొనుక్కున్నది. దాని దారం పట్టుకుని ఎత్తి, "ఇదేటి, పువ్వా? ఎప్పుడు మారుత్తావు దీన్ని?" అని అడిగింది. చిరిగితే కదా మార్చేది అన్నాను. వాసన చూసి పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున స్నానం చేసి వస్తే వదిన గోడ దగ్గర నిలబడి ఉంది. ఒక కొత్త పీచు ముక్క, దానికి తెల్ల దారం. ఇంట్లో వాళ్ళ నాలుగు పీచులూ తానాల గది పక్కన వరసగా వేలాడుతున్నాయి. నాది మాత్రం గోడకి ఆ చివర, పెరటి తలుపు దగ్గర, ఒంటరి మేకుకి.

"ఇది నీది. ఇక్కడే తగిలించు. ఆళ్ళవాటితో కలపకు," అంది.

తల ఊపాను. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను. చూరులో గ్లాసు, గోడ చివర మేకు, నాకు తేడా కనపడలేదు. తెల్ల దారం కూడా రంగు లేని దారం అనే అనిపించింది. అది శ్రావణం, రోజంతా ముసురు పట్టి ఉండేది. ఆ గోడ మీద ఎండ అనేది నేను వచ్చినప్పటి నుంచి చూడలేదు.

ఆ తర్వాత ఆవిడ ఏం చేసినా నాకు అదే కనిపించేది. నా పీచుని రెండు వేళ్ళతో దారం పట్టుకుని ఎత్తేది. అందరివీ అలాగే ఎత్తేది, కానీ నేను నాదే చూశాను. నేను వండిన కూర రెండోసారి వడ్డించుకునేది. నా కంచంలోంచి ఆవకాయ బద్ద తీసుకుని చీకేది. అవి చూడలేదు. మా ఆయనకి చెబితే, "అప్పకి పీచుల పిచ్చి, పట్టించుకోకు," అన్నారు. ఆయనకి ఎవరూ ఎప్పుడూ వేరే గ్లాసు పెట్టలేదు మరి. నేను రోజూ ఏడ్చేదాన్ని. చివరికి స్టేషను దగ్గర ఒక వాటా చూశాం. మర్నాడు ఓనరుకి మాట ఇచ్చెయ్యాలి. ఆయన రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. పెంచిన అక్కని వదిలి రమ్మంటున్నానని నాకు తెలుసు. అయినా ఆ మేకు కింద బతకలేను అనిపించింది.

అడగొద్దని అమ్మ చెప్పింది. కానీ మా అమ్మకి ఒక గుణం ఉంది, మౌనంగా లేచి రాగలదు. నాకది లేదు. ఆ పొద్దున వదిన బండ మీద బట్టలు ఉతుకుతుంటే వెళ్ళి నిలబడ్డాను.

"వదినా, మేము వేరే ఇల్లు చూసుకున్నాం."

ఉతుకుతున్న చీర చేతిలో ఆగిపోయింది. "ఎందుకునేటి?"

"నా మేకు వేరేగా కొట్టావు కదా. నేనే వేరేగా వెళ్ళిపోతాను."

"మేకేటి?" అంది. నిజంగానే అర్థం కాలేదు ఆవిడకి. నన్ను చూసింది, గోడని చూసింది. చీర బండ మీద వదిలేసి చేతులు తుడుచుకుంది. "ఇలా రా."

ఆ రోజు ముసురు కాస్త విడిచింది. పక్కింటి మేడ మీదుగా పల్చటి ఎండ దిగుతోంది. మా పెరడంతా నీడే. గోడ చివర, నా తెల్ల దారం వేలాడుతున్న చోట మాత్రం చాపంత ఎండ పడింది. మిగిలిన నాలుగు పీచులూ నీడలో తడిగా ఉన్నాయి.

"ఆ మేడ లేచినకాడి నుంచి పొద్దుట ఎండ ఈ మూలకే వత్తాది. ఆళ్ళవి మద్దేనానికి గానీ ఆరవు. ఈ మేకు నాది. నలుగెట్టినపుడు నీ ఈపు సూసేను. నిండా సెగ్గడ్డలు. నీ పువ్వు వాసన సూసేక తెలిసింది. నీది బేగి ఆరాలని నాది తీసి ఆళ్ళ పక్కనెట్టేను."

వీపు మీద గడ్డల సంగతి నేను మా ఆయనకి కూడా చెప్పలేదు. సిగ్గుపడి దాచుకున్నాను.

"మరి తెల్ల దారం?" అన్నాను, ఇంకేం అడగాలో తెలియక.

"మీ గుడిలో పెళ్ళికూతురు తెల్లకోక కడతాది కాదేటి. నీకు ఆ ముచ్చట తీరనేదు కదాని."

అప్పుడు నా ముఖం చూసి ఆవిడకి ఏదో తట్టింది. నెమ్మదిగా అడిగింది. "గ్లాసులాగ అనుకున్నావేటి?"

తల ఊపాను. ఆవిడ వెళ్ళి బండ మీద కూలబడింది. తడి చీర నీళ్ళు కారుతూ ఆవిడ కాళ్ళ దగ్గర మడుగు కట్టింది.

"మా ఇంట్లో ఆ గ్లాసు ఉండీది," అంది చివరికి. "మా నాయినమ్మ ఎట్టీది. నానూ ఆ గ్లాసులోకి నీళ్ళు పోసేను, సిన్నపుడు. నాకు తెల్దని అనను. నువ్వలా అనుకోడం తప్పు కాదు. ముందు నీకు సెప్పాల్సింది."

నేను కూడా ఆవిడ పక్కన కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. లేచి వంటింట్లోంచి రుబ్బురోలు పొత్రం మోసుకొచ్చింది. మగాళ్ళ వరసలోంచి తన మేకు పీకింది. నా మేకు పక్కన జానెడు కొలిచి, ఆ బరువు పొత్రంతోనే తన మేకు దిగ్గొట్టింది. పసుపు దారం దానికి తగిలించింది.

"ఇంకొంచెం దగ్గరగా కొట్టకపోయావా," అన్నాను, ముక్కు తుడుచుకుంటూ.

"ఆనకూడదు. ఆనితే నీదీ ఆరదు, నాదీ ఆరదు," అంది. "పక్కనుంటాది కదా. సాలదేటి?"

స్టేషను దగ్గర వాటాకి మేము వెళ్ళలేదు. మా ఆయన ఆ రోజు మూడు పూటలా తిన్నారు.

నా వీపు గడ్డలు క్రమంగా తగ్గాయి. డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంటు వల్ల అని నేను, అమావాస్య వల్ల అని వదిన, చాలా ఏళ్ళు వాదించుకున్నాం. ఊదారంగు పువ్వు ఏమైందో నాకు తెలియదు, నేనూ అడగలేదు.

మా అమ్మ ఆ ఇంటి గడప తొక్కడానికి చాలా కాలం పట్టింది. వచ్చిన మొదటిసారి కుర్చీ అంచున కూర్చుంది, మంచినీళ్ళు కూడా వద్దంది. వదిన బలవంతపెట్టలేదు. "ఎండలో వచ్చేవు అత్తా, ముందు తానం సెయ్యి," అని కొత్త పీచు చేతికిచ్చి పంపింది. తాను కూడా వెనకే వెళ్ళి, వద్దంటున్నా వినకుండా అమ్మ వీపు రుద్దింది. లోపలి నుంచి మొదట నీళ్ళ చప్పుడే వినిపించింది, తర్వాత ఇద్దరి మాటలు, ఆ తర్వాత అమ్మ నవ్వు. అమ్మ వెళ్ళేటప్పుడు తడి పీచు క్యారీబ్యాగులో పెట్టుకుని వెళ్ళింది. తర్వాత నేను పుట్టింటికి వెళితే ఆ పీచు వాకిట్లో ఎండకి వేలాడుతోంది. పక్కన మేకుకి మా నాన్నది ఇంకొకటి ఉంది.

పిల్లలు పుట్టాక మేకులు పెరిగాయి. పిల్లల చెయ్యి అందేంత ఎత్తులో కొట్టేది, వాళ్ళు ఎదిగిన కొద్దీ పైకి ఇంకోటి. కింది మేకు పీకేది కాదు. అందుకే ఆ గోడ జల్లెడ. పిల్లల ఎత్తు ఎప్పుడు ఎంతో ఇప్పటికీ దాని మీద చూసుకుంటాం. మా ఇంట్లో గజ్జి, తామర అనే మాట వినపడకుండా ఇంతమంది పెరిగారంటే అది ఆవిడ చలవే. అంతకంటే పెద్ద ఉపకారం ఇంకొకటి ఉంది. ఎందుకని అడిగితే జవాబు చెప్పే ఇల్లు నాకు దొరికింది. ఆ కృతజ్ఞత ఆవిడ ఉండగా మాటల్లో చెప్పలేదు. చెప్పి ఉంటే "పీచు ఎండిందో నేదో సూసిరా" అనేది.

వదిన కిందటేడు వానాకాలంలో పోయింది. చివరి నెలల్లో మంచం మీదే ఉండేది. నేనే తుడిచి, రుద్ది, స్నానం చేయించేదాన్ని. కళ్ళు సగం మూసుకునే ఉండేవి, కానీ నేను పెరట్లోకి వెళ్ళి బండ మీద పీచు కొట్టిన చప్పుడు వినపడితే గానీ పూర్తిగా మూసేది కాదు.

పోయిన రోజు చీడికాడ నుంచి వాళ్ళ వాళ్ళంతా వచ్చారు. పెరట్లో ఆవిడని పడుకోబెట్టి ఆఖరి స్నానానికి నీళ్ళు కాచారు. నేను చెంబు పట్టుకుని ముందుకి రాబోతే ఆడవాళ్ళ మధ్య గుసగుస మొదలైంది. "ఆ పిల్ల పొయ్యొచ్చేటి? ఆళ్ళు వేరే కదా," అని ఎవరో అన్నారు. మెల్లగానే అన్నారు, కానీ నాకు వినపడింది. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆ మేకు కింద నిలబడ్డట్టయింది. చెంబు కింద పెట్టేశాను.

నక్కపల్లి చిన్నత్త గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు సరిగ్గా కనపడవు ఆవిడకి. చెయ్యి ఊపి అందరినీ ఆపింది.

"ఆకరి నీళ్ళు తన మరదలే పొయ్యాలని నాతో సెప్పింది, మొన్న నానొచ్చినపుడు. మీరెవరైనా దాని పీచు ఎక్కడుంటాదో సెప్పగలరేటి?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మా, పీచు అట్టుకురా."

వెళ్ళి నా తెల్ల దారం పక్కనుంచి పసుపు దారం తీసుకొచ్చాను. నేనే రుద్దాను. చేతులు, మెడ, పాదాలు, నా వీపు మొదటిసారి రుద్దిన ఆ అరచేతులు. చిన్నత్త తడుముకుంటూ చెంబుతో నీళ్ళు అందించింది. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు.

అయిపోయాక పీచు తీసుకుని బండ దగ్గరికి వెళ్ళాను. నురగ పోయేదాకా జాడించాను. పిండాను. ఠపఠపా కొట్టాను. ఆ చప్పుడుకి ఏడుస్తున్నవాళ్ళు ఆగి నా వైపు చూశారు.

"అది పడేసీదే కదమ్మా, మనిషితో పాటే," అంది చిన్నత్త. "దాన్ని పిండుతావేటి?"

"పిండకపోతే వదిన ఊరుకోదత్తా," అన్నాను.